గోదావరి డెల్టాలో కౌలు ఒప్పందాలు

గోదావరి డెల్టాలో కౌలు ఒప్పందం అనగా భూమి యజమాని తన పొలాన్ని నిర్ణీత కాలానికి, నిర్ణీత ప్రతిఫలానికి మరొకరికి సాగు నిమిత్తం అప్పగించే ఒడంబడిక. మండపేట, రామచంద్రపురం, కొత్తపేట, అమలాపురం, రాజోలు ప్రాంతాలలో వరి సాగులో గణనీయమైన భాగం కౌలు రైతుల చేతుల మీదుగా జరుగుతుంది. ఈ ఒప్పందాలలో ఎక్కువ భాగం కాగితంపై ఉండదు. పెద్దల సమక్షంలో ఇచ్చిన నోటి మాటయే ఆధారం. కౌలుదారుకు రక్షణ కల్పించడానికి 1956 నుండి పలు చట్టాలు వచ్చినప్పటికీ ఈ వాడుక మారలేదు. పైగా రాతపూర్వక ఒప్పందం యజమాని హక్కుకు ముప్పు తెస్తుందన్న భయం వలన నోటిమాట కౌలు మరింత స్థిరపడింది. దీని ఫలితంగా బ్యాంకు రుణం, పంట బీమా, నష్టపరిహారం, ధాన్యం కొనుగోలు వంటి సందర్భాలలో తాను సాగుదారుడనని నిరూపించుకోవడం కౌలు రైతుకు కష్టమవుతున్నది.

నేపథ్యం

ధవళేశ్వరం వద్ద సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో ప్రారంభమైన ఆనకట్ట 1852లో పూర్తయింది. దాని నుండి బయలుదేరిన కాలువల వలన ఈ ప్రాంతం తూర్పు డెల్టా, మధ్య డెల్టా, పశ్చిమ డెల్టా అని మూడు భాగాలుగా సాగులోకి వచ్చింది. గౌతమి, వసిష్ఠ పాయల నడుమ ఉన్న మధ్య డెల్టాయే కోనసీమ. మండపేట గౌతమికి ఎడమ గట్టు వైపు తూర్పు డెల్టాలో ఉన్నది. తూర్పు గోదావరి జిల్లాలో భాగంగా ఉన్న ఈ పట్టణం 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన కోనసీమ జిల్లాలో చేరింది. బియ్యపు మిల్లులకు ఈ పట్టణం పేరు పొందినది.

కాలువ నీటితో ఏటా రెండు వరి పంటలు పండే అవకాశం కలగడంతో భూమి విలువ పెరిగింది. తొలి పంటను సార్వా అనీ, రెండవ పంటను దాళ్వా అనీ ఇక్కడ పిలుస్తారు. చదువు, ఉద్యోగం, వ్యాపారం కోసం భూస్వామ్య కుటుంబాలు పట్టణాలకు తరలివెళ్ళిన కొద్దీ సొంత సేద్యం తగ్గి కౌలు సేద్యం పెరిగింది. సన్నకారు రైతులు, భూమి లేని వ్యవసాయ కూలీలు కౌలుదారులయ్యారు.

ఒప్పంద రూపాలు

డెల్టాలో వాడుకలో ఉన్న ప్రధాన రూపాలు ఇవి:

బస్తాల కౌలు: ఎకరాకు ఇన్ని బస్తాల ధాన్యం అని ముందే నిర్ణయించుకుంటారు. ఇక్కడ బస్తా అంటే 75 కిలోలు. పంట ఎలా ఉన్నా ఆ లెక్క మారదు. డెల్టా వరి పొలాలలో ఎక్కువగా కనిపించేది ఈ రూపమే. కౌలును కొన్ని ఊళ్ళలో మక్తా అనీ, శిస్తు అనీ కూడా అంటారు.

రొక్కపు కౌలు: ధాన్యానికి బదులు డబ్బు చెల్లిస్తారు. కొందరు యజమానులు ఏడాది మొత్తాన్ని ముందుగానే తీసుకుంటారు. కౌలుదారు ఈ ముందస్తు సొమ్మును అప్పు చేసి తేవలసి వస్తుంది.

సంగోరు: పండిన పంటను యజమాని, కౌలుదారు సమంగా పంచుకుంటారు. పెట్టుబడిలో ఎవరి వాటా ఎంత అన్నది ఊరి వాడుకను బట్టి ఉంటుంది.

సార్వా యజమానికి, దాళ్వా కౌలుదారుకు: కొన్ని చోట్ల సార్వా పంట దాదాపు మొత్తం కౌలు కిందకే పోతుంది. కౌలుదారు ఆదాయం దాళ్వాపై ఆధారపడి ఉంటుంది. గోదావరిలో నీరు తగ్గి వంతులవారీగా నీరు వదిలిన సంవత్సరాలలో, లేదా దాళ్వాకు నీరు ఇవ్వని సంవత్సరాలలో, ఈ పద్ధతిలోని కౌలుదారు ఎక్కువగా దెబ్బ తింటాడు.

గుత్త: కొబ్బరి తోటలలో కాయల దిగుబడిని నిర్ణీత కాలానికి మొత్తంగా ఒకరికి ఇవ్వడం. దీని న్యాయ స్వభావం కౌలుకు భిన్నమైనది. ఆ వివరం కింద ఇవ్వబడినది.

ఒప్పందం కుదిరే విధానం

వేసవిలో కాలువలు కట్టివేసిన తరువాత, సార్వా నారుమళ్ళు పోయకముందు సాధారణంగా ఈ మాటలు జరుగుతాయి. యజమాని ఊరిలో లేనప్పుడు బంధువో, నమ్మకస్తుడైన పెద్దమనిషో ఆయన తరఫున మాట్లాడతారు. ఎకరాకు బస్తాల సంఖ్య, ధాన్యం రకం, అప్పగించే సమయం, గట్ల మీది కొబ్బరి చెట్ల ఫలసాయం ఎవరిది, నీటి తీరువా ఎవరు కట్టాలి అన్న విషయాలను తేల్చుకుంటారు. వరదో తుఫానో వస్తే ఏమిటన్నది చాలాసార్లు మాటల్లోకి రాదు. ఆ పరిస్థితి వచ్చినప్పుడు యజమాని ఔదార్యాన్ని బట్టి తగ్గింపు ఉంటుంది.

గడువు ఒక వ్యవసాయ సంవత్సరం. మరుసటి ఏడాది అదే కౌలుదారును కొనసాగించడమో, మార్చడమో యజమాని ఇష్టం. ఒకే కౌలుదారు ఏళ్ళ తరబడి ఒకే పొలంలో ఉండకుండా పొలాలను మార్చి ఇచ్చే పద్ధతి కూడా ఉన్నది.

న్యాయపరమైన పునాది

1872 సెప్టెంబరు 1 నుండి అమలులోకి వచ్చిన భారత కాంట్రాక్టు చట్టం ప్రకారం ఒప్పందం చెల్లుబాటు కావడానికి రాత తప్పనిసరి కాదు. అర్హత గల వ్యక్తుల స్వేచ్ఛాయుత సమ్మతి, చట్టబద్ధమైన ప్రతిఫలం, చట్టబద్ధమైన ఉద్దేశం ఉంటే చాలునని 10వ సెక్షన్ చెబుతుంది. అయితే ఏదైనా ప్రత్యేక చట్టం రాతను గానీ, రిజిస్ట్రేషన్‌ను గానీ కోరితే దానిని పాటించాలని అదే సెక్షన్ పేర్కొంటుంది.

స్థిరాస్తి కౌలు విషయంలో అటువంటి నియమం ఉన్నది. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం ఏటేటా కొనసాగే కౌలు పత్రాన్నీ, ఒక సంవత్సరానికి మించిన గడువు గల కౌలు పత్రాన్నీ రిజిస్టరు చేయించాలి. ఇళ్ళ అద్దె పత్రాలలోను, ఇటీవలి సాగు ఒప్పందాలలోను 11 నెలల గడువు కనిపించడానికి కారణం ఇదే. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో కౌలుకు సంబంధించిన అధ్యాయం ఉన్నప్పటికీ, 117వ సెక్షన్ వ్యవసాయ కౌళ్ళను దాని పరిధి నుండి మినహాయించి, వర్తింపజేసే అధికారాన్ని రాష్ట్రాలకు విడిచిపెట్టింది. అందువలన వ్యవసాయ కౌలుకు రాష్ట్ర చట్టాలే కీలకమైనాయి.

కొబ్బరి గుత్త సంగతి వేరు. చెట్టు మీది కాయలు, పెరుగుతున్న పైరు చరాస్తి కిందకు వస్తాయని రిజిస్ట్రేషన్ చట్టంలోని నిర్వచనం చెబుతుంది. కాబట్టి కేవలం కాయలు దింపుకొనే హక్కును ఇచ్చే గుత్త ఒప్పందం భూమిపై కౌలు కాదు, దానికి రిజిస్ట్రేషన్ అవసరం లేదు. భూమిని కూడా స్వాధీనపరిస్తే మాత్రం అది కౌలు అవుతుంది.

1956 కౌలుదారీ చట్టం

ఆంధ్ర రాష్ట్రం 1956లో చేసిన కౌలుదారీ చట్టం (1956లోని 18వ చట్టం) తరువాతి కాలంలో ఆంధ్రప్రదేశ్ (ఆంధ్రా ప్రాంత) కౌలుదారీ చట్టంగా కొనసాగింది. 1974లో చేసిన సవరణ 1980లో అమలులోకి వచ్చింది. ఈ చట్టంలోని ముఖ్యాంశాలు:

కౌలు పరిమితి: 1956లో నీటిపారుదల గల భూములకు స్థూల దిగుబడిలో సగం వరకు కౌలు తీసుకొనడానికి వీలుండేది. 1974 సవరణ దీనిని 30 శాతానికి తగ్గించింది. మెట్ట భూములకు 25 శాతం.

గడువు: కొత్త కౌలుకు కనీసం ఆరు సంవత్సరాల గడువు ఉండాలి, ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలి. సవరణ అమలులోకి వచ్చే నాటికి కొనసాగుతున్న కౌళ్ళను శాశ్వత కౌళ్ళుగా పరిగణించారు.

తొలగింపు: కౌలు చెల్లించకపోవడం, భూమిని పాడుచేయడం, మరొకరికి మారు కౌలుకు ఇవ్వడం వంటి నిర్దిష్ట కారణాలపై మాత్రమే, ప్రత్యేకాధికారి ఉత్తర్వు ద్వారా మాత్రమే కౌలుదారును తొలగించవచ్చు.

కొనుగోలు హక్కు: యజమాని భూమిని అమ్మదలచినప్పుడు కౌలుదారుకు ముందుగా కొనే అవకాశం ఇవ్వాలి.

వివాదాల విచారణ: జూనియర్ సివిల్ న్యాయమూర్తి ప్రత్యేకాధికారి హోదాలో విచారించే పద్ధతి ఏర్పడింది. దానిపై జిల్లా న్యాయస్థానానికి అప్పీలు చేసుకోవచ్చు.

చట్టం ఫలితం

చట్టం ఇచ్చిన రక్షణ పాత కౌలుదారులలో కొందరికి మేలు చేసింది. కానీ కొత్తగా కౌలుకు ఇచ్చే యజమానికి లెక్క మారిపోయింది. ఒక్క సంతకంతో ఆరు సంవత్సరాల గడువు, తొలగింపుకు కోర్టు మెట్లు, అమ్మకంలో ముందు హక్కు కౌలుదారుకు దఖలు పడతాయి. భూపరిమితి చట్టం (1973) కూడా రావడంతో పొలం తన చేతి కిందనే ఉన్నట్లు చూపించుకొనడం యజమానికి మరింత అవసరమైంది. దానితో సంతకం పెట్టడం మానుకున్నారు. రసీదులు ఇవ్వడం తగ్గింది. అడంగల్‌లోని అనుభవదారు గడిలో కౌలుదారు పేరు ఎక్కకుండా జాగ్రత్త పడ్డారు.

చట్టం నిర్ణయించిన 30 శాతం పరిమితి కూడా ఆచరణలో నిలవలేదు. కౌలు భూమికి పోటీ ఎక్కువగా ఉన్న ఊళ్ళలో ఎక్కువ బస్తాలు ఒప్పుకొన్నవానికే పొలం దక్కుతుంది. తక్కువ కౌలు కోరుతూ ప్రత్యేకాధికారిని ఆశ్రయించిన కౌలుదారుకు మరుసటి ఏడాది ఆ ఊరిలో పొలం దొరకడం కష్టం.

యజమానులందరూ సంపన్నులు కారు. ఒకటి రెండు ఎకరాలు ఉన్న వితంతువులు, వృద్ధులు, విశ్రాంత ఉద్యోగులు కూడా కౌలు ఆదాయంపై ఆధారపడి జీవిస్తారు. ఉన్న కొద్దిపాటి భూమి వివాదంలో పడుతుందన్న భయం వీరిలో మరీ ఎక్కువ.

నష్టభారం ఎవరిది

బస్తాల కౌలులో ప్రకృతి వైపరీత్యాల భారం మొత్తం కౌలుదారుపై పడుతుంది. లెక్క సౌలభ్యం కోసం ఒక ఉదాహరణ తీసుకోవచ్చు. ఎకరాకు 30 బస్తాలు పండే పొలానికి కౌలు 12 బస్తాలు అనుకుంటే మంచి పంటలో కౌలుదారుకు 18 బస్తాలు మిగులుతాయి. వాటిలోనుంచే విత్తనం, ఎరువు, కూలి, కోత ఖర్చులు పోవాలి. వరద వచ్చి దిగుబడి 15 బస్తాలకు పడిపోతే 12 బస్తాలు కౌలు చెల్లించగా మిగిలేది 3 బస్తాలే. అదే సంగోరులో అయితే చెరి ఏడున్నర బస్తాలు. చట్టంలోని 30 శాతం లెక్కన అయితే కౌలు నాలుగున్నర బస్తాలు.

నెరవేర్చడం అసాధ్యమైన ఒప్పందం రద్దవుతుందని కాంట్రాక్టు చట్టంలోని 56వ సెక్షన్ చెబుతుంది. అయితే ఈ సెక్షన్ కౌళ్ళకు వర్తించదని, భూమి స్వాధీనపరచిన తరువాత కౌలు కేవలం ఒక వాగ్దానంగా ఉండక ఆస్తి బదిలీ అవుతుందని సుప్రీంకోర్టు 1968లో రాజా ధ్రువ్ దేవ్ చంద్ కేసులో తీర్పు చెప్పింది. ఆ కేసు దేశ విభజన కాలంలో పంజాబులోని వ్యవసాయ భూమి కౌలుకు సంబంధించినది. ఈ తీర్పు వలన, తగ్గింపు గురించి ఒప్పందంలో ముందే మాట లేకపోతే కాంట్రాక్టు చట్టం కౌలుదారును ఆదుకోదు.

1986 ఆగస్టు గోదావరి వరదలు, 1996 నవంబరు 6 రాత్రి కోనసీమను తాకిన తుఫాను ఈ ప్రాంతపు పంటలను తీవ్రంగా దెబ్బతీశాయి. 1996 తుఫానులో కొబ్బరి చెట్లు పెద్ద సంఖ్యలో కూలిపోయాయి. ఇటువంటి సందర్భాలలో ప్రభుత్వం ఇచ్చే పెట్టుబడి రాయితీ రికార్డులలో పేరు ఉన్నవారికి చేరుతుంది. పెట్టుబడి పెట్టినవాడు ఒకడు, పరిహారం అందుకొనేవాడు మరొకడు కావడం తరచూ వినిపించే ఫిర్యాదు.

అప్పు, నోటు, ధాన్యం

కౌలు ఒప్పందం నోటిమాటగా ఉన్నా, కౌలుదారు చేసే అప్పు మాత్రం రాతపూర్వకంగానే ఉంటుంది. పట్టాదారు పాసుపుస్తకం లేనందున బ్యాంకు రుణం దొరకక వడ్డీ వ్యాపారి, ఎరువుల కొట్టు, ధాన్యం వ్యాపారి వద్ద అప్పు చేస్తాడు. దానికి ప్రామిసరీ నోటు రాసి, రెవెన్యూ స్టాంపు అంటించి సంతకం పెడతాడు. 1881 నాటి చట్టం ప్రకారం ఇది వ్యాపార పత్రం. తగిన స్టాంపు లేని నోటును కోర్టు సాక్ష్యంగా స్వీకరించదు. సాధారణంగా మూడు సంవత్సరాలు దాటితే నోటుకు కాలదోషం పడుతుంది. అందుకే గడువు లోపల కొంత సొమ్ము చెల్లు వేయించడం, లేదా నోటు తిరగరాయించుకోవడం వాడుకగా ఉన్నది.

వ్యాపారి వద్ద అప్పు చేసిన కౌలుదారు పంటను ఆయనకే అమ్ముతానని మాట ఇస్తాడు. అప్పు, ఎరువు, అమ్మకం ఈ విధంగా ఒకే మనిషితో ముడిపడతాయి. ధర విషయంలో బేరమాడే శక్తి అక్కడితో తగ్గిపోతుంది.

మండపేట వంటి కేంద్రాలలోని మిల్లుల దగ్గరకు వచ్చేసరికి అదే ధాన్యం కట్టుదిట్టమైన రాతకోతలలోకి ప్రవేశిస్తుంది. ప్రభుత్వం సేకరించిన ధాన్యాన్ని మరపట్టే మిల్లరు పౌర సరఫరాల సంస్థతో ఒప్పందం చేసుకొని, బ్యాంకు గ్యారంటీ ఇచ్చి, క్వింటాలు ధాన్యానికి 67 కిలోల పచ్చి బియ్యం తిరిగి అప్పగించాలి. పొలం నుండి గిడ్డంగి వరకు సాగే ఈ గొలుసులో రాత లేని లంకె కౌలుదారు, యజమానుల మధ్య ఉన్నదే.

2011 చట్టం: రుణ అర్హత కార్డు

కోనేరు రంగారావు అధ్యక్షతన ఏర్పడిన భూ కమిటీ సిఫారసుల అనంతరం ఆంధ్రప్రదేశ్ భూ అధీకృత సాగుదారుల చట్టం 2011లో వచ్చింది. ఈ చట్టం కింద కౌలుదారు దరఖాస్తు చేసుకుంటే, గ్రామంలో విచారణ జరిపి ఏడాది పాటు చెల్లే రుణ అర్హత కార్డు ఇచ్చేవారు. ఈ కార్డు పంట రుణం, బీమా, పరిహారం పొందడానికే తప్ప భూమిపై హక్కుకు సాక్ష్యం కాదని చట్టంలోనే స్పష్టం చేశారు. యజమాని సంతకం అవసరం లేకపోవడం దీని ప్రత్యేకత. అయినప్పటికీ కార్డు తీసుకుంటే మరుసటి ఏడాది పొలం ఇవ్వరన్న భయం వలన అనేకులు దరఖాస్తు చేయలేదు.

అదే సంవత్సరం ఖరీఫ్‌లో కోనసీమ రైతులు గిట్టుబాటు ధర లేదంటూ పంట విరామం ప్రకటించి పొలాలను బీడు పెట్టారు. దీనిపై అధ్యయనానికి ప్రభుత్వం మోహన్ కందా కమిటీని నియమించింది. పంట విరామం వలన యజమాని ఒక ఏడాది ఆదాయాన్ని కోల్పోతే, కౌలుదారు, కూలీ ఉపాధినే కోల్పోతారన్న చర్చ ఆనాడు జరిగింది.

2019 చట్టం: పంట సాగుదారు హక్కు పత్రం

ఆంధ్రప్రదేశ్ పంట సాగుదారుల హక్కుల చట్టం, 2019 పాత రుణ అర్హత కార్డు విధానం స్థానంలో వచ్చింది. ఇందులో యజమాని, సాగుదారు నిర్ణీత నమూనాలో 11 నెలల ఒప్పందంపై సంతకాలు చేస్తారు. దాని ఆధారంగా సాగుదారుకు సీసీఆర్‌సీ అనే హక్కు పత్రం లభిస్తుంది. హక్కు పంట మీదనే, భూమి మీద కాదు. యజమాని భయాన్ని తొలగించి కౌలును తిరిగి కాగితం మీదకు తేవడం ఈ చట్టం ఉద్దేశం.

ఆచరణలో రెండు అడ్డంకులు ఎదురయ్యాయి. మొదటిది సంతకం. చట్టం ఎంత హామీ ఇచ్చినా అర్ధ శతాబ్దపు అనుభవం వలన యజమానులు సంతకానికి వెనుకాడారు. రెండవది బ్యాంకు. అదే సర్వే నంబరుపై యజమాని అప్పటికే పంట రుణం తీసుకొని ఉంటే కౌలుదారుకు మరో రుణం ఇవ్వడానికి బ్యాంకులు ఇష్టపడవు. భూమి తాకట్టు లేకుండా కౌలుదారులు బృందంగా ఒకరికొకరు పూచీ ఉండి రుణం పొందే ఉమ్మడి బాధ్యత సంఘాలను నాబార్డు ప్రోత్సహించింది.

ప్రభుత్వ పథకాలలో కూడా ఈ తేడా కనిపిస్తుంది. 2019లో ప్రారంభమైన కేంద్ర ప్రభుత్వ పీఎం కిసాన్ పథకం భూమి ఉన్న కుటుంబాలకే వర్తిస్తుంది. అదే సంవత్సరం అక్టోబరులో రాష్ట్రంలో మొదలైన రైతు భరోసా పథకంలో భూమి లేని కౌలుదారులను చేర్చారు. అయితే షెడ్యూల్డు కులాలు, షెడ్యూల్డు తెగలు, వెనుకబడిన తరగతులు, మైనారిటీ వర్గాల కౌలుదారులకే దానిని పరిమితం చేశారు.

దేవాలయ భూములు

దేవాలయ, ధార్మిక సంస్థల భూములకు 1987 నాటి దేవాదాయ చట్టం వర్తిస్తుంది. ఈ భూముల కౌలును బహిరంగ వేలం పాట ద్వారా నిర్ణయిస్తారు. 82వ సెక్షన్ ప్రకారం భూమి లేని పేదలు కాని వారి చేతిలో ఉన్న పాత కౌళ్ళు రద్దయినాయి. రెండున్నర ఎకరాల మాగాణి లేదా ఐదు ఎకరాల మెట్ట వరకు ఉన్నవారిని భూమి లేని పేదలుగా పరిగణిస్తారు. వేలం పాట పద్ధతిలో కౌలు మొత్తం బహిరంగంగా తేలుతుంది, కాగితం ఉంటుంది. కానీ పోటీలో పాట పెరిగి, గిట్టుబాటు కాక బకాయి పడే సందర్భాలు ఉన్నాయి.

ఇతర ప్రాంతాలతో పోలిక

తెలంగాణ ప్రాంతంలో 1950 నాటి హైదరాబాదు కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారులకు యాజమాన్య హక్కు పొందే మార్గం కల్పించింది. అదే తెలంగాణలో 2018లో మొదలైన రైతుబంధు పథకం మాత్రం పట్టాదారులకే పరిమితమైనది. పశ్చిమ బెంగాల్‌లో 1978లో ఆపరేషన్ బర్గా పేరిట ప్రభుత్వమే గ్రామాలకు వెళ్ళి భాగస్వామ్య సాగుదారుల పేర్లను నమోదు చేసింది. కేరళ 1970 నుండి కౌలునే నిషేధించి కౌలుదారులకు భూమిని దఖలు పరచింది. నీతి ఆయోగ్ 2016లో టి.హక్ కమిటీ ద్వారా నమూనా భూమి కౌలు చట్టాన్ని రూపొందించింది. యజమాని హక్కుకు పూర్తి భద్రత ఇస్తూ, గడువును, కౌలు మొత్తాన్ని ఇరుపక్షాల ఇష్టానికి వదలిపెట్టి, కౌలుదారుకు రుణం, బీమా అందేలా చూడాలన్నది దాని సారాంశం. ఆంధ్రప్రదేశ్ 2019 చట్టం ఇదే దారిలోనిది.

వివాదాలు, సాక్ష్యం

నోటిమాట కౌలుపై వివాదం వస్తే చాలావరకు ఊరి పెద్దల వద్దనే తేలిపోతుంది. కోర్టుకు వెళ్ళినప్పుడు ఒప్పందం ఉన్నదని రుజువు చేసే భారం దానిని చెప్పుకొనే పక్షంపై ఉంటుంది. ఇటువంటి కేసులలో ఉపయోగపడే ఆధారాలు: అడంగల్, ఈ-పంట నమోదు, నీటి తీరువా రసీదులు, ధాన్యం కొనుగోలు కేంద్రం చీటీలు, బ్యాంకు ద్వారా చెల్లించిన కౌలు వివరాలు, పక్క పొలాల రైతుల సాక్ష్యం. రాతపూర్వక ఒప్పందం ఉన్నచోట దానిలోని షరతులకు విరుద్ధమైన నోటి సాక్ష్యాన్ని సాధారణంగా అనుమతించరు. 1872 నాటి సాక్ష్య చట్టంలోని ఈ నియమం, 2024 జూలై 1 నుండి దాని స్థానంలో అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోనూ కొనసాగుతున్నది.

ఇవి కూడా చూడండి

కౌలు రైతు
భారత కాంట్రాక్టు చట్టం, 1872
ధవళేశ్వరం ఆనకట్ట
కోనసీమ
మండపేట
ప్రామిసరీ నోటు
అడంగల్